అడగడానికి ఎంతసేపు పడుతుంది

అది 2006. సింగపూర్ తూర్పు వైపున ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఓ అండ్ జీ క్లినిక్‌లో నేను సీనియర్ స్టాఫ్ నర్సుని. ఓ అండ్ జీ అంటే కాన్పులూ, ఆడవాళ్ళ జబ్బులూ చూసే విభాగం. పిల్లలు కలగనివాళ్ళు కూడా మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఊరికి అవతలి వైపు వన్-నార్త్ అనే పేటలో కొత్త అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. కంప్యూటరు ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడి దేశాల నుంచో జనం దిగుతుండేవాళ్ళు. వాళ్ళ భార్యలు మా వెయిటింగ్ హాల్లో కూర్చుని ఒకరి భాష ఒకరికి రాక నవ్వులతో పలకరించుకునేవాళ్ళు.

మాది తెనాలి దగ్గర పల్లె. గుంటూరు పెద్దాసుపత్రిలో నర్సింగ్ చదివి, కొన్నాళ్ళు పల్లె ఆసుపత్రిలో పనిచేసి, షిప్‌యార్డులో సూపర్‌వైజరుగా చేరిన మా ఆయన వెనకాల ఇక్కడికొచ్చాను. టాంపినీస్‌లో కాపురం. నా పేరు రత్నకుమారి, క్లినిక్‌లో అందరికీ సిస్టర్ రత్న. నాకు ముక్కు మీద కోపమని అందరికీ తెలుసు. కోపం రాని నర్సుని పేషెంట్లు నమ్మరని నా అభిప్రాయం.

మా డాక్టరు పేరు టాన్. చెయ్యి తిరిగిన సర్జన్. మాట పొదుపు, నడక వేగం. ఏ ఆపరేషన్‌కైనా ముందు పేషెంటు దగ్గర కన్సెంట్ తీసుకోవాలి. అంటే ‘నాకేం చేస్తారో తెలుసు, నా ఇష్టంతోనే చేయించుకుంటున్నాను’ అని పేషెంటు ఒప్పుకోవడం. డాక్టరు వివరిస్తారు, పేషెంటు సంతకం పెడుతుంది, మా క్లినిక్‌లో సాక్షిగా నర్సు కూడా పెట్టాలి. నా సంతకం అంత తేలిగ్గా పడదు. “ఇప్పుడు నీకేం చేయబోతున్నారో నువ్వే నాకు చెప్పు” అంటాను. చెప్పలేకపోతే డాక్టరు మళ్ళీ వచ్చి మొదటి నుంచి వివరించాల్సిందే. డాక్టర్ టాన్ దీనికి ‘రత్నా ఎగ్జామ్’ అని పేరు పెట్టారు. గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటూ, “ఎగ్జామ్ అయిందా?” అని అడిగేవారు.

ఈ అలవాటు నాకు పల్లె ఆసుపత్రిలో పట్టుకుంది. అక్కడ కుటుంబ నియంత్రణ క్యాంపులు పెట్టేవాళ్ళు. ఆడవాళ్ళని జీపుల్లో తెచ్చి వరసగా పడుకోబెట్టేవాళ్ళు. ఒకసారి ఒకామె కుట్లు విప్పించుకోవడానికి వచ్చి, “అమ్మాయ్, మళ్ళీ నెల తప్పాలంటే ఎన్నాళ్ళు పడుద్ది?” అని నన్ను అడిగింది. బిడ్డకీ బిడ్డకీ ఎడం కోసం చేసే చిన్న వైద్యమని ఎవరో చెప్పి తీసుకొచ్చారట. ఇక పుట్టరని నేను చెప్పాక ఆమె మొహం ఎలా మారిందో ఇప్పటికీ నాకు గుర్తే. ఆ తర్వాత నోటితో చెప్పించుకోకుండా ఎవరి సంతకాన్నీ నేను నమ్మలేదు.

అలాంటి నా దగ్గరికి ఇలోనా వచ్చింది.

ఇలోనా భర్త మారెక్ వన్-నార్త్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఇద్దరిదీ తూర్పు యూరప్‌లో ఒక చిన్న దేశం. పేరు రాయను, ఇలోనా వద్దంది. “ఒక్క దేశం పేరు రాస్తే పక్క దేశాలన్నీ హమ్మయ్య మేం కాదులే అని ఊపిరి పీల్చుకుంటాయి” అంది. ఒకప్పుడు అక్కడ కమ్యూనిస్టు పాలన. అది కూలిపోయాక ఎన్నికలు వచ్చాయి, మానవ హక్కుల ఒప్పందాల మీద సంతకాలు జరిగాయి, యూరప్ దేశాల కూటమిలో సభ్యత్వమూ వచ్చింది. ఇలోనా రోమా జాతి పిల్ల. ఎన్నో వందల ఏళ్ళ కిందట మన దేశం నుంచి వెళ్ళి యూరప్ అంతా చెదిరిపోయిన జాతి అది. ఏ ఊరికి వెళ్ళినా వాళ్ళని ఊరి చివరే ఉంచారు. ఆ ఏర్పాటు గురించి నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు, మా వాడ కూడా ఊరి చివరే. మారెక్ రోమా కాదు, ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు.

వాళ్ళకి ఆరేళ్ళ పాప ఉంది. సొంత దేశంలోనే సిజేరియన్‌తో పుట్టింది. తర్వాత ఎంత ఎదురుచూసినా ఇంకో కాన్పు లేదు. అక్కడి డాక్టర్లు ‘టెన్షన్ తగ్గించుకో’ అని పంపేశారట. ఇలోనా పదిమంది అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగిన మనిషి. పాప ఒంటరిగా ఆడుకోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుందని మొదటి రోజే నాతో చెప్పుకుంది. ఇంకో బిడ్డ కావాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

నా పేరు బ్యాడ్జి చూసి, “నేను కూడా ఇండియానే” అంది.

“ఏ ఊరమ్మా?” అన్నాను.

“ఊరు మర్చిపోయాం. చాలా కాలమైంది కదా” అని నవ్వి, ముక్కు పట్టుకుని “నాక్” అంది, చెవి పట్టుకుని “కాన్” అంది. ఆమె భాషలో వాటిని అలాగే అంటారట.

“అవి హిందీ వాళ్ళవి. మా తెలుగులో వేరే.”

“అయితే నీది నేర్పు.”

మొదట ‘అక్క’ నేర్పాను. రెండో మాట తనే ఏరుకుంది. ఇద్దరం కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో కాఫీకి వెళ్తే, కొట్టు ఆంటీ డబ్బా పాలు ధారగా పోస్తుంటే నేను కంగారుగా “వద్దు, వద్దు” అన్నాను. ఇలోనాకి ఆ మాట భలే నచ్చింది. ఆ తర్వాత టాక్సీ వాడికీ, బజార్లో సెంటు అమ్మే పిల్లకీ అందరికీ అదే జవాబు.

పిల్లలు కలగని వాళ్ళకి మేం మొదట చేసే పరీక్షల్లో హెచ్‌ఎస్‌జీ ఒకటి. గర్భసంచిలోకి సన్నని గొట్టంతో మందు పంపి ఎక్స్‌రే తీస్తాం. ఫెలోపియన్ ట్యూబులు, అంటే అండం ప్రయాణం చేసే రెండు నాళాలు, తెరిచి ఉంటే మందు వాటి చివరి దాకా పాకి కడుపులో చిమ్ముతుంది. ఇలోనాకి చిమ్మలేదు. రెండు వైపులా సగం దూరం వెళ్ళి, సరిగ్గా ఒకే చోట ఠక్కున ఆగిపోయింది. జబ్బు వల్ల మూసుకుపోతే ఇంత పొందికగా ఉండటం అరుదు. ఒక పక్క ఉబ్బి ఉంటుంది, ఇంకో పక్క మెలికపడి ఉంటుంది. ఇది చేత్తో చేసిన పని. గుంటూరులో, బిడ్డలు పోయి మళ్ళీ నాళాలు అతికించుకోవడానికి వచ్చే తల్లుల ఎక్స్‌రేలు నేను బోలెడు చూశాను. డాక్టర్ టాన్ తెర మీద నుంచి చూపు తిప్పకుండా, “ట్యూబల్ లైగేషన్” అన్నారు మెల్లగా. పిల్లలు పుట్టకుండా నాళాలు కట్టేసే ఆపరేషన్.

మా ఇద్దరికీ తోచింది ఒకటే: మొగుడికి తెలియకుండా చేయించుకుని ఉంటుంది, ఇప్పుడు మనసు మారి ఉంటుంది. మా వైపు అలాంటివి కొత్తేమీ కాదు. కాన్పుకి పుట్టింటికి వెళ్ళినప్పుడు, అత్తారింట్లో తెలియకుండా తల్లీ కూతుళ్ళు గుట్టుగా ఆ పని కానిచ్చుకుని వచ్చేవాళ్ళు. పేషెంటు గుట్టు కాపాడటం మా పని కదా అని నేను మర్యాదగా మారెక్‌ని కాఫీ తెమ్మని కిందకి పంపేశాను. తలుపు వేసి, ఆమె పక్కన కూర్చున్నాను.

“ఇలోనా, నేను ఎవరికీ చెప్పను. ఆపరేషన్ ఎప్పుడు చేయించుకున్నావు?”

“పాప పుట్టినప్పుడు. సిజేరియన్.”

“అది కాదమ్మా. పిల్లలు ఇక వద్దని చేయించుకున్నది.”

“పిల్లలు కావాలనే కదా నీ దగ్గరికొచ్చాను” అంది, నాకేమైనా పిచ్చా అన్నట్టు చూస్తూ.

చేతికందిన కాగితం మీద గర్భసంచి బొమ్మ వేసి, రెండు నాళాలు గీసి, మందు ఎక్కడ ఆగిందో చూపించాను. ఆమె ఆ బొమ్మ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఇది నిజమేనా అని అడగలేదు. “ఎవరు చేశారు?” అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు ఆమెకే తెలుసు. ఆమె కడుపు మీద కత్తి పడింది ఒక్కసారే.

మారెక్ మూడు కాఫీ కప్పులతో వచ్చాడు. ఇలోనా వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఆ మనిషి కప్పులు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు. నాతో ఇంగ్లీషులో అన్నాడు.

“కమ్యూనిస్టుల కాలంలో రోమా ఆడవాళ్ళకి ఇలా చేసేవాళ్ళని విన్నాను సిస్టర్. పిల్లల్ని ఎక్కువ కంటున్నారని. కానీ మా పాప పుట్టేసరికి ఆ కాలం పోయింది. మానవ హక్కుల ఒప్పందంలో చేరిన రోజు మా ఊరి చౌరస్తాలో బ్యాండు పెట్టారు. నేను అక్కడ తెల్లారేదాకా గంతులేశాను.” కాస్త ఆగి, “ఆ ఆసుపత్రి చౌరస్తాకి ఎదురుగానే ఉంది” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయట జెండా మారింది, లోపల థియేటర్‌లో పద్ధతి మారలేదు. ఢిల్లీలో చట్టం రాస్తే మా పల్లె ఆసుపత్రి వసారాలోకి ఎప్పుడొచ్చిందో నేను చూసినదాన్ని కాబట్టి ఆశ్చర్యం మాత్రం కలగలేదు. కోపమే వచ్చింది. ఆ రోజంతా వార్డులో అందరి మీదా విసుక్కున్నాను.

డాక్టర్ టాన్ వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి రెండు దారులు చెప్పారు. ఒకటి ఐవీఎఫ్, అంటే అండాన్ని బయటకు తీసి ఫలదీకరణ చేసి గర్భసంచిలో పెట్టడం. రెండోది ట్యూబల్ రీఅనాస్టమోసిస్. మన వైపు రీకానలైజేషన్ అంటాం. తెగిన నాళాల కొసల్ని మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కలిపి కుట్టడం. నాళం ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి ఫలితం ఉంటుంది, తప్పకుండా అవుతుందని మాట ఇవ్వలేమని కూడా చెప్పారు. ఇలోనా ఆలోచించుకోలేదు. “నాళాలు కలపండి. నా నుంచి తీసుకున్నది నాకు తిరిగి కావాలి” అంది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే అడ్మిట్ అయింది. సంతకం దాకా అన్నీ సజావుగా నడిచాయి. డాక్టర్ టాన్ వచ్చి అంతా వివరించి, క్లిప్‌బోర్డు మీద కాగితం, పెన్ను ఆమె ముందు పెట్టారు. ఇలోనా రెండు చేతులూ దుప్పటి కిందకి లాక్కుంది.

“పెట్టను.”

“ఆపరేషన్ వద్దా?” అని అడిగారాయన.

“కావాలి. సంతకం పెట్టను.”

థియేటర్ సిద్ధంగా ఉంది, మత్తు డాక్టరు లోపల ఎదురు చూస్తున్నాడు. మారెక్ బతిమాలుతున్నాడు. ఆమె పళ్ళు బిగించి గోడ వైపు చూస్తోంది. నేను మగవాళ్ళిద్దరినీ బయటకు పొమ్మన్నాను. డాక్టర్ టాన్‌ని కూడా. ఆయన అడ్డు చెప్పలేదు, నా మొహం అలా ఉండి ఉంటుంది.

అప్పుడు చెప్పింది. పాప పుట్టిన రోజు నొప్పులతో మెలికలు తిరుగుతుంటే స్ట్రెచర్ మీద తోసుకుపోతూ, ఎవరో ఆమె వేళ్ళ మధ్య పెన్ను ఇరికించారట. సంతకం పెట్టకపోతే నువ్వూ బిడ్డా చచ్చిపోతారు అన్నారట. ఆ కాగితం మీద లాటిన్‌లో ఏదో మాట. అది సిజేరియన్ పేరే అనుకుని గీకేసింది.

నేను క్లిప్‌బోర్డు తీసి కుర్చీ కింద పెట్టేశాను. “సంతకం సంగతి తర్వాత చూద్దాం. ఇవాళ నీకేం చేయాలో నువ్వు చెప్పు. మేం వింటాం” అన్నాను. తెల్ల కాగితం ఒకటి ఇచ్చి, “నీ భాషలోనే రాసుకో. ఎవరికీ అర్థం కాకపోయినా పర్లేదు, నీకు అర్థమైతే చాలు” అన్నాను.

రాసింది. తర్వాత డాక్టర్ టాన్‌ని లోపలికి పిలిచి, ఇంగ్లీషులో తనే చదివింది. “నా రెండు నాళాలు మళ్ళీ కలపాలి. వేరే ఏమీ కోయకూడదు, కట్టకూడదు. లోపల ఏదైనా తేడా కనబడితే ఆపేసి, నాకు మెలకువ వచ్చాక నన్నే అడగాలి. నా మొగుణ్ణి కాదు, నన్ను.”

డాక్టర్ టాన్ ఆ కాగితం తీసుకుని నిదానంగా చూశారు. “రక్తస్రావం లాంటిది వస్తే ప్రాణం కాపాడటానికి నేను ఆగలేను. అది కూడా రాయి” అన్నారు. ఇలోనా ఆలోచించి, తల ఊపి, అదీ రాసింది. ఆయన ఆ కాగితం కింద ముందు తన సంతకం పెట్టి, పెన్ను ఆమెకిచ్చారు. ఆమె పెట్టింది. మూడోది నాది. ఆసుపత్రి కాగితం మీద సంతకం ఆ తర్వాత రెండు క్షణాల్లో అయిపోయింది. బయటకు వస్తూ ఆయన, “ఇవాళ ఎగ్జామ్ నాకు పెట్టింది” అన్నారు.

ఆపరేషన్ చాలాసేపు నడిచింది. ఎలా జరిగిందో థియేటర్ సిస్టర్ తర్వాత చెప్పింది. చివర్లో నీలం మందు పంపి చూస్తే రెండు వైపులా బొట్లు బొట్లుగా బయటకొచ్చిందట, లోపల ఎవరో చప్పట్లు కొట్టారట. డాక్టర్ టాన్ మాస్కు తీసి మారెక్‌తో రెండే మాటలన్నారు, “రెండూ తెరుచుకున్నాయి” అని. అప్పటిదాకా బింకంగా ఉన్న మారెక్ నేల మీద కూలబడి ఏడ్చాడు.

కోలుకున్నాక ఇలోనా ఊరుకునే రకం కాదు. వాళ్ళ దేశంలో ఇలాంటి ఆడవాళ్ళ కోసం పనిచేసే చిన్న సంఘం ఒకటి ఉంది. అక్కడి లాయరమ్మ ద్వారా ఆసుపత్రి మీద దావా వేసింది. ఆసుపత్రి వాళ్ళ జవాబు నున్నగా ఉంది: ఆమే కోరింది, సంతకం చేసింది, పైగా అది ఎమర్జెన్సీ, వివరించడానికి టైము లేదు, అయినా ఇలాంటివన్నీ పాత పాలన నాటి గొడవలు, ఇప్పుడు మన దేశం సభ్యదేశం. ఆ ఆఖరి ముక్క చదివినప్పుడు ఇలోనా నవ్వింది. “మా దేశం చేరింది అక్కా. నన్ను చేర్చుకోలేదు” అంది.

ఆ నవ్వుతోనే ఇంకో మాట చెప్పింది. నెల తప్పింది. కలిపిన నాళాల్లోనే గర్భం ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది కాబట్టి, గర్భసంచిలోనే సరిగ్గా కూర్చుందో లేదో స్కాన్‌లో చూసేదాకా నాకు నమ్మకం కుదరలేదు. సరిగ్గానే ఉంది. గుండె కొట్టుకోవడం తెర మీద కనబడగానే నేను డ్యూటీలో ఉన్నానన్న సంగతి మర్చిపోయి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాను.

కోర్టులో సాక్ష్యానికి నన్ను పిలిచారు. సింగపూర్ నుంచే వీడియోలో చెప్పొచ్చన్నారు. ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

“మనకెందుకే పరాయి దేశం కోర్టులు? వర్క్ పాస్ మీద బతికేవాళ్ళం. ఎవుడికో కోపం వస్తే మన పాస్ రెన్యువల్ ఆగుద్ది.”

“ఆగితే తెనాలి పోదాం. అక్కడ నాకు మా అమ్మ చేపల పులుసు పెట్టుద్ది, మీకే ఇబ్బంది, తెనాలిలో షిప్‌యార్డు లేదు.”

మా అమ్మాయి టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా, “డాడీ, అమ్మ ఆల్రెడీ డిసైడెడ్ లా. వై యూ ఆస్క్?” అంది. ఆయన నవ్వేసి మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. సాక్ష్యం రోజు పొద్దున్నే ఆయనే నా తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేసి పెట్టాడు. డాక్టర్ టాన్ మా ఆసుపత్రి మేనేజ్‌మెంట్‌తో తనే మాట్లాడి ముందే అనుమతి తెచ్చారు.

మారెక్ వాళ్ళ ఆఫీసులో కాన్ఫరెన్స్ గది అడిగి తీసుకున్నాడు. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ పొద్దున. వాళ్ళ దేశపు ఎంబసీ మనిషి ఒకాయన మమ్మల్ని గుర్తుపట్టి ధ్రువీకరించడానికి వచ్చి మూల కూర్చున్నాడు. గోడంత తెర మీద కోర్టు హాలు కనబడింది. మధ్యలో జడ్జి, నెరిసిన జుట్టు ఆవిడ. ఒక పక్క మా లాయరమ్మ, ఇంకో పక్క ఆసుపత్రి లాయరు. నా ఇంగ్లీషునీ వాళ్ళ భాషనీ అటూ ఇటూ మార్చి చెప్పడానికి ఒక అమ్మాయి. నా పక్కనే ఇలోనా, అప్పటికి కడుపు బాగా కనబడుతోంది.

హెచ్‌ఎస్‌జీలో ఏం కనబడిందో, ఇలోనా నాతో ఏమందో చెప్పాను. ఆసుపత్రి లాయరు లేచాడు. చక్కని మనిషి, చక్కని సూటు.

“మీరు ఇండియాలో చదివారు కదా. అక్కడ క్యాంపులు పెట్టి ఆడవాళ్ళకి ఇదే ఆపరేషన్ వరసగా చేస్తారని విన్నాను. మీరా మాకు నేర్పేది?”

కాలర్ పట్టుకోవాలనిపించింది, కానీ మధ్యలో సముద్రాలున్నాయి. “చేస్తారు. నేను చూశాను” అన్నాను. “చూశాను కాబట్టే, తెలియకుండా చేయించుకున్న ఆడదాని మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మొహం ఇలోనా దగ్గర మళ్ళీ చూశాను. అది మా దేశంలో తప్పయితే మీ దేశంలో ఒప్పు కాదు.”

ఆయన ఇంకో వైపు నుంచి వచ్చాడు. “బిడ్డ ప్రమాదంలో ఉంది. నొప్పుల్లో ఉన్న మనిషికి కూర్చోబెట్టి వివరించడానికి టైమెక్కడిది సిస్టర్?”

నేను జడ్జి వైపు చూశాను. “అమ్మా, ఎంత టైము పడుతుందో ఇప్పుడే చేసి చూపించనా?”

ఆవిడ తల ఊపింది.

నేను కుర్చీ ఇలోనా వైపు తిప్పుకున్నాను. రోజూ వార్డులో మాట్లాడినట్టే మాట్లాడాను. “అమ్మాయ్, బిడ్డ ప్రాణం కోసం ఇప్పుడు నీ కడుపు కోసి తీస్తాం. అదే కోతలో నువ్వు కావాలంటే నాళాలు కూడా కట్టేస్తాం. అవి కడితే ఇక నీకు పిల్లలు పుట్టరు. కట్టకపోయినా ఇవాళ నీకూ బిడ్డకీ ఏం కాదు. కట్టమంటావా?”

అక్కడి అమ్మాయి దాన్ని వాళ్ళ భాషలోకి మార్చి చెప్పింది. నేను ఊరికే నమూనాగా అడిగాను. ఇలోనా నమూనాగా వినలేదు. ఏళ్ళ కిందట ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమె రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. 

“వద్దు” అంది. తెలుగులోనే వచ్చింది. తర్వాత తన రోమా భాషలో, ఇంకోసారి వాళ్ళ దేశ భాషలో, జడ్జి మొహంలోకి చూస్తూ చెప్పింది.

“అంతేనా? అంతసేపేనా?” అని అడిగింది జడ్జి.

“అంతేనమ్మా. ఈ లాయరు గారు నన్ను ప్రశ్న అడగడానికే అంతకన్నా ఎక్కువసేపు పట్టింది.”

ఆయన కూర్చుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మూలనున్న ఎంబసీ మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మనసులో ఎవరి పక్షమో నాకు తెలియదు, కానీ వెళ్ళేటప్పుడు ఇలోనా చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగితే, “క్షమించమన్నాడు. కోర్టు ఇంకా ఏమీ చెప్పకముందే” అంది ఇలోనా.

తీర్పు ఆమెకి ఎనిమిదో నెల దగ్గర పడుతుండగా వచ్చింది. మారెక్ ఫోను చేసి ఏడుస్తూ నవ్వుతూ చదివి వినిపించాడు. ఆమె ఒప్పుకోలేదనీ, నొప్పుల్లో పెట్టించిన సంతకం ఒప్పుకోలు కాదనీ, పాలన మారాక జరిగింది కాబట్టి పాత పాలన మీద నెట్టడం కుదరదనీ జడ్జి రాసింది. ఆసుపత్రి లిఖితంగా క్షమాపణ చెప్పాలంది. పరిహారం ఎంతో నేను అడగలేదు, ఇలోనా చెప్పలేదు. ఆ క్షమాపణ కాగితం వచ్చాక, అదే ఆసుపత్రిలో అలాగే జరిగిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లాయరమ్మ గడప తొక్కడం మొదలుపెట్టారని మాత్రం చెప్పింది.

ఆ ఆదివారం పాసిర్ రిస్ పార్కులో, సముద్రం పక్కన, పండగ చేసుకున్నాం. నేను పొద్దున్నే వెళ్ళి బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు చోప్ చేశాను. ఇక్కడ అలా పెడితే బల్ల మనదే, ఎవరూ ముట్టరు. మా ఆయన పులిహోర గిన్నె మోసుకొచ్చాడు. మారెక్ బొగ్గుల మీద మాంసం కాల్చాడు. ఇలోనా తన భాషలో గట్టిగా పాడింది, పాప చుట్టూ గంతులేసింది, పక్క బల్ల మలయ్ కుటుంబం వాళ్ళు మాకు పుల్లలకి గుచ్చి కాల్చిన సాతే మాంసం ఇచ్చి ఏం పండగ అని అడిగారు. “మా చెల్లెలు కేసు గెలిచింది” అన్నాను. గర్వంగానే అన్నాను.

ఇక ఆఖరి సంగతి.

రెండో కాన్పు కూడా సిజేరియనే అని నిర్ణయమైంది. రెండో సిజేరియన్‌కి వచ్చే ప్రతి మనిషినీ ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇదే కోతలో ట్యూబులు కట్టించుకుంటారా అని. ఇక్కడ అది మామూలు. రోజూ అడిగేదే. ఆ విజిట్‌లో డాక్టర్ టాన్ అన్నీ మాట్లాడి, ఆ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నమిలారు. నా వైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను.

ఇలోనా పసిగట్టింది. “డాక్టర్, నన్ను అడగాల్సింది ఏదో ఉంది కదా?”

“ఉంది. నీ విషయంలో అక్కర్లేదనుకున్నాను.”

“అక్కర్లేదని మీరెలా అనుకుంటారు? అందర్నీ అడుగుతారుగా. నన్నూ అడగండి. పూర్తిగా అడగండి.”

ఆయన పెన్ను కింద పెట్టి, సర్దుకుని కూర్చుని అడిగారు. ట్యూబులు కట్టడమంటే ఏమిటో, కడితే ఏమవుతుందో, కట్టకపోతే ఏమవుతుందో, మూడో సిజేరియన్‌లో ఏం ఇబ్బందులుంటాయో ఒక్కటీ వదలకుండా చెప్పారు. ఆయన అంత తీరిగ్గా మాట్లాడటం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఇలోనా చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, కథ వింటున్న పిల్లలా, మొదటి నుంచి చివరిదాకా విన్నది.

ఇప్పుడు ‘వద్దు’ అంటుందని నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె బ్యాగు సర్దుకుని లేచి నిలబడింది.

“ఆలోచించుకుని చెబుతాను” అంది.

డాక్టర్ టాన్ వాచీ చూసుకోలేదు. “తప్పకుండా” అన్నారు. “నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే.”

తర్వాతి విజిట్‌లో వద్దని చెప్పింది. తమ్ముడు కావాలన్న పాపకి చెల్లెలే పుట్టింది, గుప్పెళ్ళు బిగించి, వార్డు అదిరేలా ఏడుస్తూ. ఇప్పుడు నేను రిటైరయ్యాను. కానీ ఆ రోజు తర్వాత పనిచేసినన్నాళ్ళూ రత్నా ఎగ్జామ్‌లో ఇంకో ప్రశ్న కలిపాను. నీకేం చేయబోతున్నారో చెప్పు అని అడిగాక, పెన్ను ఇచ్చే ముందు, “ఆలోచించుకోవడానికి టైము కావాలా?” అని అడిగేదాన్ని. చాలామంది అక్కర్లేదు సిస్టర్ అనేవాళ్ళు. అక్కర్లేదంటూనే, అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చున్నవాళ్ళు కాస్త వెనక్కి జరిగి, స్థిమితంగా కూర్చునేవాళ్ళు.